పాటను చెడగొట్టబోయిన గిటార్

రేడియోహెడ్ బృందం ‘క్రీప్’ పాట మొదలై ఇంకా నిమిషం నిండదు, ఒక గిటార్ గరుకుగా దెబ్బలు వేస్తుంది. ఆ దెబ్బల్లో స్వరమంటూ ఏదీ ఉండదు. ఒక చేత్తో తీగలను మోగనివ్వకుండా అదిమిపెట్టి, రెండో చేత్తో బలంగా బాదితే వచ్చే చప్పుడు అది. అంతవరకూ పాట గొంతు తగ్గించుకుని సాగుతుంది. దెబ్బలు పడ్డ మరుక్షణం పల్లవి హోరుమంటూ మీద పడుతుంది. ఈ పాట తెలిసినవాళ్లు ఒకరికొకరు ముందుగా గుర్తుచేసుకునేది ఆ క్షణాన్నే.

చరణం నెమ్మదిగా, పల్లవి హోరుగా ఉండటం ఆల్టర్నేటివ్ రాక్‌లో బాగా నలిగిన పద్ధతి. వాల్యూమ్ పెంచితే సరిపోతుందని పైకి అనిపిస్తుంది. నాకెంతో ఇష్టమైన ఈ పాటను దగ్గరగా విన్నకొద్దీ వేరే సంగతి తెలుస్తుంది. ఇక్కడ హోరుకు బలమిచ్చింది వాల్యూమ్ కన్నా, అంతవరకూ శ్రోతకు ఇవ్వకుండా అట్టిపెట్టిన అంశాలు. ఏమేమి అట్టిపెట్టారు, వాటిని ఏ వరుసలో వదిలారు, చివరికి ఎలా వెనక్కి తీసుకున్నారు అన్నది చూస్తే పాట కట్టుబడి మొత్తం అర్థమవుతుంది.

ముందు ఆ గిటార్ కథ. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న ఆబింగ్డన్ పట్టణంలో ఒకే బడిలో చదువుకున్న ఐదుగురు కుర్రాళ్లు కూడగట్టుకున్న బృందం రేడియోహెడ్. గాయకుడు థామ్ యార్క్ ఈ పాటను 1980ల చివర్లో, ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో రాశాడు. 1992లో పాల్ కోల్డరీ, షాన్ స్లేడ్ అనే ఇద్దరు అమెరికన్ నిర్మాతలు ఈ బృందంతో వేరే పాటలు రికార్డు చేయడానికి వచ్చారు. సాధన మధ్యలో బృందం ‘క్రీప్’ వాయించింది. ఇది మా స్కాట్ వాకర్ పాట అని, ఆ పేరున్న గాయకుణ్ని తలుచుకుంటూ యార్క్ సరదాగా అన్నాడు. నిర్మాతలు ఆ మాటను నిజమనుకుని, వీళ్ల దగ్గరున్న అన్నింటిలోకీ మంచి పాట వేరేవాళ్లదయిందే అని నిరాశపడ్డారు. తర్వాత స్టూడియోలో అనుకున్న పాటలు ఎంతకీ కుదరకపోవడంతో, కాస్త ఉత్సాహం వస్తుందని కోల్డరీ వాళ్లను ఆ పాట వాయించమన్నాడు. వాయించడం పూర్తయ్యేసరికి గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఒక్క జానీ గ్రీన్‌వుడ్‌కు మాత్రం పాట నచ్చలేదు. మరీ మెత్తగా ఉందని ఆ గిటారిస్టు అభ్యంతరం. అందుకే పల్లవి దగ్గర పడేసరికి గిటార్‌ను అలా బాదాడు. తోటి గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ ఆ తర్వాత చెప్పిన ప్రకారం, జానీ పాటను పాడుచేద్దామనే చూశాడు, పాటను నిలబెట్టింది కూడా అదే. ఈ కథను చాలామంది అదృష్టం కలిసొచ్చిన ముచ్చటగా చెప్పి వదిలేస్తారు. చెడగొట్టబోయిన దెబ్బ సరిగ్గా ఇదే పాటలో ఎందుకు అతికింది అని అడిగితే మాత్రం పాట అస్థిపంజరం దగ్గరికి వెళ్లక తప్పదు.

ఆ అస్థిపంజరంలో ఉన్నవి నాలుగే కార్డులు, అంటే కొన్ని స్వరాలు కలిసి పలికే గుచ్ఛాలు. జి మేజర్, బి మేజర్, సి మేజర్, సి మైనర్. ఒక్కో కార్డు ఎనిమిది మాత్రలు నిలుస్తుంది. నాలుగూ కలిపి ముప్పై రెండు మాత్రల ఆవర్తనం. పాట వేగంలో ఒక ఆవర్తనానికి ఇరవై సెకన్ల పైచిలుకు పడుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఈ ఆవర్తనమే తిరుగుతూ ఉంటుంది. చరణానికీ అదే, పల్లవికీ అదే, మధ్యలో గొంతు తారస్థాయికి ఎక్కే ఘట్టానికీ అదే. మామూలు పాటల్లో పల్లవికో, మధ్య ఘట్టానికో కొత్త కార్డులు వచ్చి చెవికి మార్పు తెలియజేస్తాయి. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

ఆ నాలుగు కార్డుల లోపల ఒక సన్నని గీత కదులుతుంది. జి మేజర్‌లో ఉన్న డి స్వరం బి మేజర్ రాగానే అర మెట్టు పైకి జరుగుతుంది. సి మేజర్‌లో ఇంకో అర మెట్టు ఎక్కుతుంది. సి మైనర్‌లో అర మెట్టు దిగి, మళ్లీ జి రాగానే మొదలైన చోటికే చేరుతుంది. జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని పాడుకుంటే పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, తిరిగి శుద్ధ ధైవతం, పంచమం. పైకి రెండు చిన్న అడుగులు, కిందికి రెండు చిన్న అడుగులు. కొంత ఆశపడి, అందలేక, మొదటికే వచ్చే కదలిక ఇది. తనకు అందని మనిషిని చూస్తూ కుంగిపోయే వ్యక్తి పాడే పాటకు ఇంతకన్నా తగిన మెట్లు దొరకవని నా అభిప్రాయం.

అయితే ఈ కార్డుల వరస వీళ్లు కనిపెట్టింది కాదు. ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ కలిసి రాసి, 1974లో హాలీస్ బృందం పాడగా పేరు తెచ్చుకున్న ‘ది ఎయిర్ దట్ ఐ బ్రీద్’ పాటతో ‘క్రీప్’కు కార్డుల్లోనూ, వరసలోనూ పోలికలున్నాయి. అందుకే ఈ పాట రచయితల జాబితాలో ఆ ఇద్దరి పేర్లూ చేరాయి. రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వినండి. మొదటిది హాయిగా తేలిపోయే ప్రేమగీతం. రెండోది మనిషిని లోపల్నుంచి గిల్లే పాట. దాదాపు ఒకే ఎముకల మీద ఇంత వేరైన రెండు శరీరాలు ఎలా లేచాయి? మాటల సంగతి ఉండనే ఉంది. మిగతాదంతా ధ్వని హెచ్చుతగ్గుల పని.

చరణంలో ఏముందో చూద్దాం. ఫిల్ సెల్వే డ్రమ్స్ తడబాటు లేకుండా నడుస్తాయి. కోలిన్ గ్రీన్‌వుడ్ బాస్ గిటార్ కింద నేల పరుస్తుంది. ఓబ్రయన్ కార్డులను ఒకేసారి మోగించకుండా, వాటిలోని స్వరాలను ఒక్కొక్కటిగా మీటుతాడు. మీటిన తీగ ఒక్కసారి పలికి సన్నగిల్లుతుంది, ఆ సన్నగిల్లిన చోట యార్క్ గొంతు వినిపిస్తుంది. అతను మైకుకు దగ్గరగా, ఎవరికీ వినిపించకూడదన్నట్టు పాడతాడు. రెండో గిటార్ ఉందన్న సంగతే మనకు తెలియదు. నా దృష్టిలో పాటలోని మొదటి నేర్పు ఇదే. అట్టిపెట్టింది అట్టిపెట్టినట్టు తెలియకూడదు. శ్రోత ఈ మెత్తదనాన్నే పాట అసలు పరిమాణం అనుకుని దానికి చెవిని సర్దుకుంటాడు.

ఇక పల్లవిలో హోరు. మనిషి చెవికి ధ్వని రెట్టింపు అయినట్టు అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ పెరగాలి. రికార్డుగా విడుదలయ్యే పాటల్లో, అందులోనూ రేడియోలో వచ్చేసరికి, నెమ్మది భాగాన్ని పైకి లేపి హోరు భాగాన్ని కిందికి అణిచే కంప్రెషన్ పనిచేస్తుంది. రెండింటి మధ్య కొలతలో ఉండే తేడా మనం అనుకున్నంత ఉండదు. అయినా పల్లవి రాగానే గది నిండిపోయినట్టుంటుంది. టీవీ శబ్దం ఎంత తగ్గించి పెట్టినా, అందులో ఎవరైనా కేక పెడితే అది కేకేనని పక్కగదిలో ఉన్నవాళ్లకు కూడా తెలుస్తుంది కదా. గొంతు చిరిగినప్పుడు వచ్చే గరుకుదనాన్ని చెవి గుర్తుపడుతుంది, ఎంత శబ్దం అన్నది తర్వాతి మాట.

కాలితో తొక్కే డిస్టార్షన్ పెడల్ గిటార్‌కు ఇచ్చేది ఆ గరుకుదనాన్నే. మామూలుగా మీటిన తీగ ధ్వని ఒక్కసారి పైకి లేచి వెంటనే పడిపోతుంది. పెడల్ ఆ ధ్వని తరంగాన్ని విపరీతంగా పెంచి, పైకి పొడుచుకొచ్చిన కొసలను కత్తిరించేస్తుంది. దాంతో రెండు మార్పులు జరుగుతాయి. స్వరం సన్నగిల్లకుండా గోడలా నిలబడుతుంది. కత్తిరించిన చోట మూల స్వరంలో లేని పై అనుస్వరాలు, అంటే స్వరం వెంట సన్నగా పలికే ఎత్తైన ధ్వనులు, ఎన్నో పుట్టుకొస్తాయి. మన చెవికి రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్ మధ్య పదును ఎక్కువ, ఆ అనుస్వరాల్లో చాలా భాగం వచ్చి పడేది అక్కడికే. అందువల్ల మీటరు ముల్లు కాస్తే కదిలినా చెవికి మాత్రం కొండంత తేడా తెలుస్తుంది. చరణంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఖాళీలన్నీ పూడిపోతాయి. గొంతు దాక్కోవడానికి చోటు మిగలదు.

ఇప్పుడు ఆ పొడి దెబ్బల స్థానం గమనించాలి. అవి పడేది చరణంలోని రెండో ఆవర్తనం కొసన, సి మైనర్ మీద. అంటే లోపలి గీత కిందికి దిగుతున్న చోట, నాలుగింటిలోకీ దిగులైన కార్డు మీద. దెబ్బల్లో పెడల్ గరుకుదనం ఉంది, స్వరం లేదు. పల్లవి తాలూకు రంగు ముందుగా వచ్చేసింది, దాని స్వరాలు ఇంకా రాలేదు. చెవి ఆ రెండింటి మధ్య ఒక్క క్షణం ఇరుక్కుంటుంది. ఆ దెబ్బలు లేకుండా నేరుగా హోరు మొదలైతే అది ముందే అనుకుని చేసిన ఏర్పాటుగా వినిపించేది. ఇప్పుడేమో పాడుతున్న మనిషి మాటకు ఎవరో అడ్డుపడినట్టుంది. వాయించిన వ్యక్తి మనసులో చిరాకు నిజంగానే ఉంది కాబట్టి ఆ అడ్డుపడటంలో నటన లేదు.

ఇంకో ఫలితం రెండో చరణంలో తెలుస్తుంది. అవే కార్డులు, అదే మీటు, అదే లోగొంతు. కానీ మొదటి చరణం విన్న చెవి వేరు, రెండో చరణం వింటున్న చెవి వేరు. ఆ గిటార్ ఎక్కడో పొంచి ఉందని మనకు తెలిసిపోయింది. వాయించడంలో పెద్ద తేడా లేకపోయినా మెత్తని భాగంలో బిగువు వచ్చి చేరింది. హోరు తన తర్వాత వచ్చే నెమ్మదిని కూడా మార్చేస్తుంది. ఈ పద్ధతి గురించి మాట్లాడేవాళ్లు పల్లవి పేలుడును మెచ్చుకుని ఊరుకుంటారు, నాకు మాత్రం అసలు విద్య ఆ తర్వాతి చరణంలో ఉందనిపిస్తుంది.

పల్లవిలో ఏం పాడుతున్నాడో కూడా చూడాలి. రాక్ సంగీతంలో హోరు పల్లవి సాధారణంగా విజయానికో, కోపానికో, ధిక్కారానికో గుర్తు. ‘క్రీప్’ పల్లవిలో పాడే మనిషి తాను వింతవాడినని, ఇక్కడ తనకు చోటు లేదని ఒప్పుకుంటాడు. పాటలో అతి పెద్ద ధ్వని వచ్చిన చోటే మనిషి అతి చిన్నగా అయిపోతాడు. పైగా అక్కడ యార్క్ అరవడు, వరసను సాగదీసి పాడతాడు. అరుపు గిటార్లకు వదిలేశాడు. గొంతు తాలూకు బలాన్ని ఇంకా దాచుకునే ఉన్నాడు. దాన్ని వదిలేది రెండో పల్లవి అయ్యాక వచ్చే మధ్య ఘట్టంలో. ఆమె తలుపు దాటి పరుగెత్తిపోతోందన్న చోట గొంతు తారస్థాయికి లేచి, అక్కడే చాలాసేపు నిలుస్తుంది. మొదట గిటార్ గరుకుదనం, తర్వాత గొంతు ఎత్తు. రెండింటినీ ఒకేసారి ఖర్చుపెట్టలేదు. ఒకేసారి పెట్టి ఉంటే మొదటి పల్లవి దగ్గరే పాట అయిపోయేది.

ఆ ఘట్టం ముగిశాక అన్నీ వెనక్కి తగ్గుతాయి. చివరి చరణం మెత్తగా వస్తుంది, దాని వెంట పల్లవి కూడా మెత్తగానే వస్తుంది. రెండు సార్లు హోరులో విన్న మాటలు ఇప్పుడు ఒంటరిగా నిలబడతాయి. గరుకు దెబ్బలు పడాల్సిన చోట పడవు. అంతవరకూ గిటార్ల వెనక దాక్కున్న ఒప్పుకోలు ఇక దాక్కోలేదు. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువున్న ఈ పాటలో హోరు వినిపించేది మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే, అయినా చాలామంది జ్ఞాపకంలో ఇది హోరు పాటగానే ఉంటుంది.

ముగింపులో జానీ గ్రీన్‌వుడ్ వాయించిన పియానో వినిపిస్తుంది. మిక్సింగ్ చేస్తూ కోల్డరీ పియానోను కలపడం మరిచిపోయి, పాట చివరికొచ్చేసరికి గుర్తొచ్చి అక్కడి నుంచి తెరిచాడు. బృందానికి అది నచ్చడంతో అలాగే ఉంచేశారు. ఆ మతిమరుపు పాటకు మేలే చేసింది. హోరు పోయిన చోటికి మనం ఇంతవరకూ వినని కొత్త ధ్వని ఒకటి వస్తుంది. దానివల్ల చివరి నెమ్మది మొదటి నెమ్మదికి నకలు కాలేదు.

ఈ పద్ధతికి పెద్ద దిక్కుగా అందరూ చెప్పేది బోస్టన్‌కు చెందిన పిక్సీస్ బృందాన్ని. 1989లో వచ్చిన వాళ్ల ‘డూలిటిల్’ ఆల్బమ్‌లో ‘టేమ్’ అనే పాట రెండు నిమిషాలు కూడా ఉండదు. బాస్ మూడు స్వరాల మీద తిరుగుతుంటే గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ గుసగుసగా మొదలుపెట్టి, ఒక్క మాట మీద గొంతు చించుకుంటాడు. నెమ్మదికీ హోరుకూ మధ్య సంధి ఏదీ ఉండదు. రెండేళ్ల తర్వాత 1991లో నిర్వానా బృందం పాట ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ వచ్చింది. అందులోనూ దాదాపు పాటంతా నాలుగు కార్డులే నడుస్తాయి. పిక్సీస్‌ను అనుకరించబోయి ఆ పాట రాశానని, వాళ్ల నెమ్మది, హోరు పద్ధతినే వాడుకున్నామని నిర్వానా గాయకుడు కర్ట్ కొబేన్ 1994లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పాడు. అయితే అక్కడ చరణానికీ పల్లవికీ మధ్య ఒక మెట్ల వరుస ఉంది. చరణంలో గిటార్ రెండే స్వరాలు అక్కడక్కడా పలికిస్తుంది, పల్లవి దగ్గర పడేకొద్దీ అవే రెండు స్వరాలు ఆగకుండా మోగుతాయి, గొంతు ఒకే పలకరింపును పదేపదే అంటుంది, అప్పుడు హోరు. పిక్సీస్ ఏ హెచ్చరికా లేకుండా దూకితే, నిర్వానా మెట్లెక్కించి తోసింది. రేడియోహెడ్ మధ్యలో ఆ పొడి దెబ్బలు పెట్టింది. దాటే తీరులోనే ముగ్గురి స్వభావాలూ తెలుస్తాయి.

వీటి మధ్య ఒక బంధుత్వం కూడా ఉంది. ‘క్రీప్’ నిర్మాతలు కోల్డరీ, స్లేడ్ బోస్టన్‌లో ఫోర్ట్ అపాచీ స్టూడియోను నెలకొల్పినవాళ్లలో ఉన్నారు. పిక్సీస్ 1987లో తమ తొలి డెమో టేపు రికార్డు చేసింది ఆ స్టూడియోలోనే. గ్రీన్‌వుడ్ గిటార్‌ను బాదినప్పుడు, అది తప్పు, తీసేయండి అనని చెవులు అవతల ఉండటం యాదృచ్ఛికం అనుకోలేను. మరో నిర్మాత అయితే ఆ చప్పుడును తుడిచేసి ఉండేవాడేమో.

ఈ పద్ధతి ఆ తర్వాత అరిగిపోయింది. 1990ల ద్వితీయార్ధంలో రేడియోలో వచ్చిన రాక్ పాటలు ఎన్నో స్విచ్చు వేసినట్టు పల్లవిలో పెడల్ తొక్కాయి, చరణంలో ఆపాయి. వాటిలో చాలావాటికి చరణం అంటే పల్లవి కోసం ఎదురుచూసే ఖాళీ సమయం. చెప్పడానికి చరణంలో ఏమీ లేనప్పుడు హోరుకు కూడా చెప్పడానికి ఏమీ ఉండదు. ‘క్రీప్’ చరణాన్ని విడిగా కోసి విన్నా అది ఒక పూర్తి పాటలా నిలుస్తుంది.

బస్సులోనో రోడ్డు మీదో ఇయర్‌ఫోన్లతో వింటే ఈ పాటలో సగం పోతుందని చెప్పక తప్పదు. బయటి రొద చరణంలోని ఖాళీలను మింగేస్తుంది, దాంతో వాల్యూమ్ పెంచుతాం, పల్లవి వచ్చేసరికి చెవి అదిరి తగ్గిస్తాం. మీరే కంప్రెషన్ యంత్రంగా మారి పాటను చదును చేస్తున్నారన్నమాట. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, చరణంలో గొంతు తేటగా వినిపించే మేరకు వాల్యూమ్ ఒకసారి పెట్టి, చివరిదాకా దాన్ని ముట్టుకోకుండా వినాలి.

1994లో రేడియోహెడ్ విడుదల చేసిన ‘మై ఐరన్ లంగ్’ ఈపీలో, అంటే కొద్ది పాటలే ఉన్న చిన్న రికార్డులో, ‘క్రీప్’ అకూస్టిక్ రూపం ఒకటి ఉంది. యార్క్ గొంతు, గిటార్ మాత్రమే. హోరు లేకపోతే పాటలో ఏం మిగులుతుందో తేల్చుకోవడానికి అది మంచి పరీక్ష. వరస అందంగానే ఉంటుంది, లోపలి గీత ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. కానీ అడ్డుపడేవాళ్లెవరూ లేని ఆ రూపంలో అతను తనను తాను ఓదార్చుకుంటున్నట్టుంటుంది. బృందంతో పాడినప్పుడు ఓదార్పు ఎక్కడా దొరకదు. అదే ఈపీకి పేరిచ్చిన పాట ‘క్రీప్’ తెచ్చిపెట్టిన ఒత్తిడికి జవాబుగా రాసుకున్నది. తమను బతికిస్తూనే కదలనివ్వని శ్వాసయంత్రంతో ఆ విజయాన్ని పోల్చుకున్నారు. ఆ జవాబు చెప్పడానికి కూడా వాళ్లు మెత్తగా మొదలుపెట్టి, మధ్యలో ఒక్కసారిగా గిటార్లతో విరుచుకుపడే పాటనే ఎంచుకున్నారు.